'కనెక్షన్ రిఫ్యూజ్డ్' ఎందుకొస్తుంది? సర్వర్ డౌన్ వెనక అసలు కథ ఇదీ..

రిజల్ట్స్ ఏ రోజు, ఎన్ని గంటలకో ముందే చెప్తారు. ఎంతమంది పరీక్ష రాశారో లెక్క కూడా ముందే ఉంటుంది. అయినా లింక్ నొక్కగానే చాలాసార్లు మార్కులు రావు, ఎర్రర్ మెసేజ్ వస్తుంది. తత్కాల్ టికెట్లు, తిరుమల దర్శనం కోటా, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు.. ఎక్కడైనా ఇదే సీన్. తర్వాత వచ్చే వివరణ కూడా ఒక్కటే: 'రద్దీ పెరగడంతో సర్వర్ మొరాయించింది'. మరి లోపల అసలేం జరుగుతోంది?

మూడు మెసేజ్‌లు.. మూడు అర్థాలు

'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తే ఫోన్ పంపిన రిక్వెస్ట్ అవతలి మెషీన్ దాకా వెళ్లినట్టే. కానీ అక్కడ దాన్ని తీసుకునే ప్రోగ్రామ్ లేదు. అది క్రాష్ అయి ఉండొచ్చు, రీస్టార్ట్ అవుతూ ఉండొచ్చు, లేదంటే ఫైర్‌వాల్ వెనక్కి పంపి ఉండొచ్చు. షట్టర్ దించేసిన కౌంటర్ లాంటిదన్నమాట.

'టైమ్డ్ అవుట్' వేరు. అక్కడ ఔను, కాదు అనే జవాబే రాదు. 'ఎర్రర్ 503' అయితే సర్వర్ బతికే ఉంది, ఇప్పుడు కుదరదని చెప్తోంది.

రద్దీ పెరిగే కొద్దీ ఇవి ఒకదాని తర్వాత ఒకటి రావడం మామూలే. ముందు పేజీ స్లో అవుతుంది. లైనక్స్ సర్వర్‌లో కొత్త కనెక్షన్ల క్యూ నిండితే, మామూలు సెట్టింగ్స్‌లో అది 'రావద్దు' అని కూడా చెప్పదు. రిక్వెస్ట్‌ను సైలెంట్‌గా వదిలేస్తుంది. అందుకే టైమ్డ్ అవుట్. లోడ్ ఇంకా పెరిగి మెమరీ అయిపోతే, ఆపరేటింగ్ సిస్టమే కొన్ని ప్రోగ్రామ్‌లను ఆపేస్తుంది. ఆ ఆగిపోయింది వెబ్ సర్వర్ అయితే వచ్చేదే 'రిఫ్యూజ్డ్'.

గేటు పెంచితే సరిపోదు

ఈ క్యూకి ఒక లిమిట్ ఉంటుంది. లైనక్స్‌లో ఏళ్ల తరబడి అది 128 మాత్రమే. 2019లో వచ్చిన 5.4 వెర్షన్‌తో 4096కి పెంచారు. వెనక ఉండే డేటాబేస్‌కూ హద్దు ఉంది. మై ఎస్‌క్యూఎల్‌లో సెట్టింగ్ మార్చకపోతే ఒకేసారి 151 కనెక్షన్లే. వేల మందిని లోపలికి వదిలినా, అందరూ చివరికి ఆ డేటాబేస్ దగ్గరే ఆగిపోతారు. గేటు వెడల్పు చేసి, టికెట్ ఇచ్చే కిటికీ ఒక్కటే ఉంచితే ఏమవుతుందో అదే జరుగుతుంది.

రీస్టార్ట్ కూడా పరిష్కారం కాదు. సర్వర్ లేవగానే బయట కాచుకున్న జనమంతా ఒక్కసారే మీద పడతారు. మళ్లీ పడిపోతుంది. జనం పదేపదే రిఫ్రెష్ కొట్టడం కూడా లోడ్ పెంచుతుంది. ఎందుకంటే మనం పేజీ వదిలేసినా, పాత రిక్వెస్ట్ మీద సర్వర్ చాలాసార్లు ఇంకా పని చేస్తూనే ఉంటుంది.

పెద్ద సైట్లకూ తప్పలేదు

2013 అక్టోబర్ 1న అమెరికాలో హెల్త్‌కేర్ డాట్ గవ్ మొదలైన రోజు సరిగ్గా ఇదే జరిగింది. ఒకేసారి 2.5 లక్షల మంది వచ్చారు. తొలిరోజు ఇన్సూరెన్స్ ఎంపిక పూర్తి చేయగలిగింది ఆరుగురే. అక్కడ రద్దీ ఒక్కటే కారణం కాదు, లాగిన్ దగ్గరే సిస్టమ్ ఇరుక్కుపోయింది.

మన దగ్గర 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటిన వారికి కొవిన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచారు. మొదట్లో నిమిషానికి 27 లక్షల హిట్స్ వచ్చాయని కేంద్రం చెప్పింది. చాలామందికి ఓటీపీ రాలేదు, ఎర్రర్లు కనిపించాయి. అయినా మూడు గంటల్లో 80 లక్షల మంది రిజిస్టర్ అయ్యారు. అంటే తొలి నిమిషాల్లో తడబడినా తేరుకోవడం సాధ్యమేనని తేలింది.

ఇక తత్కాల్ సంగతి వేరు. మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో 50 శాతం వరకు బాట్‌లవేనని 2025లో రైల్వే శాఖే చెప్పింది. రద్దీ అంటే అంతా జనమే కాదన్నమాట. 2025 జులై 1 నుంచి తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ పెట్టారు.

మరి దారేంటి?

అన్ని సైట్లకూ ఒకే మందు పనిచేయదు. రిజల్ట్స్ ఒకసారి ఫిక్స్ అయ్యాక మారవు. ప్రతి ఒక్కరి కోసం డేటాబేస్‌ను తట్టాల్సిన పనిలేదు. పేజీలు ముందే తయారుచేసి వేర్వేరు చోట్ల సర్వర్లలో పెట్టొచ్చు, వేరే దారుల్లోనూ ఇవ్వొచ్చు. ఏపీ ప్రభుత్వం 2025లో ఇంటర్ ఫలితాలను 'మన మిత్ర' వాట్సాప్ సర్వీస్‌లో కూడా ఇచ్చింది. ఒకే గుమ్మం మీద భారం తగ్గించడమంటే ఇదే.

టికెట్లు, సీట్లు అలా కాదు. క్షణక్షణం లెక్క మారుతుంది. అక్కడ వర్చువల్ క్యూ కావాలి. అందరినీ లోపలికి తోసి పడిపోవడం కంటే, 'మీ వంతు ఇంత దూరంలో ఉంది' అని చెప్పి ఆపడమే న్యాయం. ఎందుకంటే సర్వర్ పడి లేచే ఆ గందరగోళంలో ఫాస్ట్ నెట్, రెండు మూడు ఫోన్లు ఉన్నవాళ్లే గట్టెక్కుతారు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఒక్క ఫోన్ పట్టుకుని కూర్చున్న స్టూడెంట్‌కు సీటు పోతుంది. పోయిన సీటుకు 'సాంకేతిక సమస్య' అన్న మాట పరిహారం కాదు.

మీరేం చేయాలంటే.. పేజీ తెరుచుకోకపోతే ఒకటి రెండు నిమిషాలు ఆగి ట్రై చేయండి. వెయిటింగ్ పేజీ కనిపిస్తే రిఫ్రెష్ కొట్టొద్దు, వెనక్కి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. పేమెంట్ మధ్యలో ఆగితే మళ్లీ కట్టే ముందు బ్యాంక్ మెసేజ్, బుకింగ్ హిస్టరీ చూసుకోండి. చివరి తేదీ ఉన్న అప్లికేషన్ అయితే ఎర్రర్ స్క్రీన్‌షాట్‌ను టైమ్ కనిపించేలా తీసిపెట్టుకోండి, ఫిర్యాదుకు పనికొస్తుంది.

అధికారులను అడగాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఎంతమంది వస్తారని అంచనా వేశారు? అంత లోడ్‌తో ముందే టెస్ట్ చేశారా? సైట్ పడిపోయినంతసేపు గడువు పెంచుతారా? తేదీ ప్రకటించే రోజే వీటికీ జవాబు చెప్పాలి.