గెలిచిన రోజే దిగిపోయాడు

రైల్వే గేటు పడుతుంటే బండి వంచి కిందనుంచి దూరిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కడిని మాత్రం తిట్టలేకపోతున్నా. అతని పేరు హాన్స్ హెర్మాన్.

1954. ఇటలీలో మిల్లే మిలియా. మామూలు రోడ్ల మీద, ఊళ్ల మధ్య నుంచి సాగే వెయ్యి మైళ్ల రేసు. హెర్మాన్ పోర్షే 550 స్పైడర్ తోలుతున్నాడు. పక్కన హెర్బర్ట్ లింగె. ఎదురుగా గేటు పడుతోంది, రైలు వచ్చేస్తోంది. బ్రేక్ వేసినా ఆగే దూరం లేదు. లింగె హెల్మెట్ మీద ఒక్కటి తట్టి తనూ తల దించాడు. కారు గేటు కిందనుంచి అవతలికి దూసుకెళ్లింది! పైగా తమ క్లాసులో వాళ్లే గెలిచారు. (మీరు ట్రై చెయ్యకండి. మీ స్కూటీ అంత పొట్టిది కాదు.)

హెర్మాన్ 1928లో స్టుట్‌గార్ట్‌లో పుట్టాడు. నేర్చుకున్నది బేకరీ పని. యుద్ధంలో కుప్పకూలిన జర్మనీ మెల్లగా లేస్తున్న రోజుల్లో రేసుల్లోకి వచ్చాడు. 1954లో మెర్సిడెస్ మళ్లీ గ్రాండ్ ప్రీల్లోకి దిగినప్పుడు మహామహుడు ఫాంజియో పక్కన ఈ కుర్రాడికీ సీటిచ్చింది. రీమ్స్‌లో మొదటి రేసులోనే ఫాస్టెస్ట్ ల్యాప్ అతనిది. ఇంజిన్ మాత్రం మధ్యలో చేతులెత్తేసింది. ఆ ఏడాదే స్విట్జర్లాండ్‌లో మూడో స్థానం. మరుసటి ఏడాది మొనాకో ప్రాక్టీసులో యాక్సిడెంట్, గట్టి దెబ్బలు. ఆ ఏడాది చివర్లో మెర్సిడెస్ కూడా రేసులకు దండం పెట్టేసింది.

1959 ఆగస్టు, బెర్లిన్‌లోని ఆవుస్ ట్రాక్. ముందు రోజే అక్కడ ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ బెహ్రా చనిపోయాడు. రేసులో హెర్మాన్ కారుకి బ్రేకులు పోయాయి. గడ్డిమోపుల్ని గుద్దిన కారు గాల్లో పల్టీలు కొట్టింది. అతను బయటికి ఎగిరిపడ్డాడు. ఆ క్షణం ఫొటో ఉంది, చూడండి. కారు గాల్లో, డ్రైవర్ నేల మీద. చిన్న దెబ్బలతో లేచొచ్చాడు.

ఇన్ని గండాలు దాటాక జర్మన్లు అతనికి ‘హాన్స్ ఇమ్ గ్లుక్’ అని పేరు పెట్టారు. అంటే అదృష్టవంతుడు హాన్స్. వాళ్ల జానపద కథలో హీరో పేరది.

కానీ 1969 లె మాన్స్‌లో ఆ అదృష్టమే ముఖం చాటేసింది. 24 గంటలు, దాదాపు 5000 కిలోమీటర్లు నడిచిన రేసు. చివరి గంటంతా జాకీ ఇక్స్ ఫోర్డ్‌తో నువ్వా నేనా. చివరికి ఓడింది ఎంతతోనో తెలుసా? సుమారు 120 మీటర్లు! అదే వేసవిలో తోటి జర్మన్ డ్రైవర్ గెర్హార్డ్ మిట్టర్ నూర్‌బర్గ్‌రింగ్‌లో ప్రాణాలొదిలాడు.

1970లో మళ్లీ లె మాన్స్‌కి వెళ్తూ భార్యకి మాటిచ్చాడు, ఈసారి గెలిస్తే ఆపేస్తానని. కుండపోత వాన. 51 కార్లు బయల్దేరితే ఫలితాల్లోకి ఎక్కినవి ఏడే. రిచర్డ్ ఆట్‌వుడ్‌తో కలిసి 23వ నంబర్ పోర్షే 917ని మొదటి స్థానంలో నిలబెట్టాడు హెర్మాన్. లె మాన్స్‌లో పోర్షేకి అదే మొట్టమొదటి ఓవరాల్ విజయం. అప్పుడతనికి 42 ఏళ్లు.

మాట నిలబెట్టుకున్నాడు. ఆపేశాడు.

నాకు గేటు సీన్ కంటే ఇదే పెద్ద సాహసం అనిపిస్తుంది. అక్కడ ఆలోచించే టైమ్ లేదు, తల దించాడంతే. ఇక్కడ చేతిలో కప్పు ఉంది, ప్రపంచంలోకెల్లా ఫాస్ట్ కార్లలో ఒకటి ఉంది, ‘ఇంకొక్క ఏడాది’ అనడానికి కావల్సినన్ని కారణాలున్నాయి. ఓడితే మానేయడం తేలికే. గెలుస్తున్నప్పుడు లేవడమే కష్టం.

ఆ కథలో హాన్స్ కూడా అంతే. చేతిలోని బంగారం, ఆ తర్వాత దొరికిందల్లా ఒక్కొక్కటే వదిలేసుకుని, తేలికపడి, నవ్వుతూ ఇంటికెళ్లిపోతాడు.

రాత్రి రెండింటికి ఫోన్‌లో గేమ్ గెలిచి, ‘ఇదే లాస్ట్’ అని మళ్లీ మొదలెట్టే బాపతు నేను. ఈసారి ఆ టైమ్‌కి హెర్మాన్‌ని గుర్తు తెచ్చుకోవాలి. మీరూ మేలుకునే ఉంటే, ఇది చదివేశారుగా, ఇక పడుకోండి.