హెచ్చరికను దాటించు అలవాటు

2024 డిసెంబరులో టి-ఫైబర్ అను తీగ ఇంటర్నెట్ సేవ ప్రయోగాత్మకముగ ఆరంభమైన కొలది గ్రామములలో మన నారాయణపేట జిల్లాయందలి మద్దూరు ఒకటి. పల్లెకు ఈ తీగ చేరుట గొప్ప మేలు. అయితే ఆ తీగ కొసనుండు రౌటరును కాపాడుకొను విద్యయు దానితోపాటే గడప త్రొక్కవలెను.

రౌటరు అమరికలను మార్చదలచి 192.168.1.1 అను చిరునామాను హెచ్‌టీటీపీఎస్ మార్గమున తెరచినయెడల, ఈ సంబంధము సురక్షితము కాదని బ్రౌజరు తరచుగ హెచ్చరించును. ‘ఏమీ కాదు, ముందుకు నొక్కండి’ అని అమర్చువాడు చెప్పిపోవును. ఆ ఒక్క మాటతో నేర్పిన అలవాటే నన్ను కలవరపరచుచున్నది. ఏలయన, రేపు బ్యాంకు పుటపై అదే హెచ్చరిక వచ్చినను ఆ గృహస్థుడు అట్లే నొక్కును.

సర్టిఫికెట్ అనగా ఒక పేరును ఒక పబ్లిక్ కీతో ముడివేసి, ఫలానా దినమువరకు చెల్లునని, బ్రౌజరు విశ్వసించు సంస్థ సంతకము చేసిన పత్రము. ఇంటిలోపలి చిరునామా లక్షల యిండ్లలో ఒకటే గనుక దానికి ఏ బహిరంగ సంస్థయు సంతకము చేయదు. రౌటరు తన పత్రముపై తానే చేసికొనును. నారాయణపేట చీరకు అంటించు చేనేత గుర్తును అమ్మువాడే అచ్చొత్తించుకొన్నచో కొనువానికి ఎంత హామీయో, ఇదియు అంతే. ఇంతకంటె ఘోరము మరొకటి గలదు: 2015లో వియన్నా భద్రతాపరిశోధకులు ఇట్టి పరికరముల ఫర్మ్‌వేర్‌ను శోధించి, వేరువేరు యిండ్లలోని అసంఖ్యాక పరికరములలో రహస్యముగ నుండవలసిన ప్రైవేట్ కీ ఒకటే పొదిగియుండుటను బయటపెట్టిరి. ఒక దానిని విప్పి ఆ కీని సంగ్రహించినవాడు తక్కినవాని పేరిట నటింపగలడు.

కావున, అమర్చిననాడే క్రొత్త కీని పుట్టించి, పాస్‌వర్డు మార్చి, వెలుపలినుండి అమరికల పుట తెరువబడకుండ మూసి, హెచ్చరిక వచ్చినపుడు సరిపోల్చుకొనుటకై సర్టిఫికెట్ వేలిముద్రను కాగితముపై వ్రాసి గృహస్థుని చేతికీయవలెను. బడులు, సహకార సంఘములు, మండల కార్యాలయములు తమకొక సొంత ప్రమాణీకరణ వ్యవస్థను నెలకొల్పుకొని, దాని మూలపత్రమును తమ కంప్యూటర్లన్నిటిలో చేర్చుకొనవచ్చును. అప్పుడు వచ్చు హెచ్చరిక నిజమైన హెచ్చరికయే యగును. గడియారమునుగూడ చూచుకొనవలెను, కరెంటు పోయివచ్చినపుడు కొన్ని పరికరములు 1970వ సంవత్సరమునకు మరలి, సరియైన పత్రమును సైతము చెల్లదనును.

ఇక వెలుపలి వెబ్ సేవల మాట. బహిరంగ సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయువును 2029 మార్చి 15 నుండి 47 దినములకు కుదింపవలెనని, వాని నియమములను నిర్ణయించు సీఏ-బ్రౌజర్ ఫోరం 2025లో నిశ్చయించినది. జిల్లా కార్యాలయముల వెబ్ సేవలను నడుపువారు చేతితో పత్రములు మార్చుకొను పద్ధతిని విడిచి, యంత్రమే వానిని నవీకరించు ఏర్పాటును ఇప్పుడే చేసికొనవలెను.