మోతీ తవ్విన బంతిమడి

గత వర్షాకాలంలో ఒక ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకొని ముంగిట్లోకి వచ్చేసరికి మా బంతిమడి దున్నిన చేనులా కనిపించింది. పన్నెండు మొక్కలలో ఏడు వేళ్ళతో సహా బయటపడి ఉన్నాయి. మడి నడుమ తవ్వుకున్న చల్లని గుంటలో, మూతి నిండా మట్టితో, రెండు నెలల కుక్కపిల్ల హాయిగా నిద్రపోతోంది. మేము కట్టె అందుకొనేలోగానే మా చిన్నమ్మాయి పరుగున వచ్చి అడ్డు నిలిచింది. "దానికి ఉక్కపోసింది అమ్మీ, కొట్టకు" అన్నది.

ఆ కుక్కపిల్ల మా ఇంటికి వచ్చి అప్పటికి వారమైంది. దాని తల్లి మా వీధి మలుపులో బండి కింద పడి చనిపోయింది. తొమ్మిదేళ్ళ మా చిన్నది బడి నుంచి వస్తూ పిల్లను అట్టపెట్టెలో పెట్టుకొని తెచ్చి, మోతీ అని పేరు కూడా పెట్టేసింది. మా అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు. కుక్క ఉన్న ఇంట దైవదూతలు ప్రవేశించరన్న హదీసును ఆమె చిన్ననాడే విని ఉన్నారు; ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం మాకు లేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. అయితే దాహంతో నాలుక చాచి తడిమట్టిని నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్ళు నింపి తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని చెప్పిన హదీసు కూడా బుఖారీ, ముస్లిం గ్రంథాలలోనే ఉంది. దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో గుహవాసుల వెంట ఉన్న కుక్క గుమ్మం దగ్గర కాళ్ళు చాచుకొని పడుకొని ఉంటుంది.

మస్జిద్‌లో మౌల్వీ సాహెబును అడిగి రమ్మని మా వారిని పంపాము. పశువుల కాపలాకు, పంట కాపలాకు, వేటకు కుక్కను ఉంచుకోవడానికి హదీసులలోనే అనుమతి ఉందనీ, ముచ్చట కోసం ఇంట్లో తిప్పుకోవడం వేరనీ ఆయన చెప్పారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం కుక్క లాలాజలం అపరిశుద్ధం. అది మూతి పెట్టిన గిన్నెను బాగా కడగాలి. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. మోతీకి గేటు పక్కన రేకుల పంచ, దాని మట్టి మూకుడు దానికే. గడప దాటకూడదు. దాన్ని తాకిన బట్టలతో నమాజుకు నిలబడకూడదు. ఇన్ని షరతులు పెట్టిన అత్తగారు ఆఖరున మరొక మాట అన్నారు. "ఒక్కసారి ఎవరినైనా కరిచిందా, ఆ రోజే రోడ్డు మీద వదిలేస్తాము." మేమూ తలూపాము. ఆ తలూపడం ఎక్కడికి దారితీసిందో ముందు ముందు చెబుతాము.

మోతీ కాపలా సంగతి ఎలా ఉన్నా దొంగతనంలో మాత్రం ఆరితేరింది. అతిథుల చెప్పులలో ఎప్పుడూ ఒక్కటే ఎత్తుకుపోయేది. జత ఎత్తుకుపోతే కొత్తవైనా కొనుక్కోవచ్చు, ఒక్కటి పోతే వెదకక తప్పదు కదా! ఆదిలాబాదు నుంచి వచ్చిన మా మరిది దాని సన్నని నడుము చూసి, ఇది మన ముధోల్ జాతి అని గొప్పగా ప్రకటించాడు. ప్రసిద్ధి చెందిన ముధోల్ వేటకుక్కలు కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్‌వి, బాసర పక్కనున్న మన నిర్మల్ జిల్లా ముధోల్‌వి కావు. మోతీ ఆ ఊరిదీ కాదు, ఈ ఊరిదీ కాదు. మా వీధిది.

మా అత్తగారిది నిర్మల్. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి నిర్మల్ వేరే జిల్లా అయినా, ఆమె నోట అది ఇప్పటికీ ఆదిలాబాదు జిల్లానే. సాయంత్రం అసర్ తరువాత ఆమె పంచలో కూర్చుంటే పిల్లలు చుట్టూ చేరుతారు. ఒక చేత క్రోషియా సూది, ఒళ్ళో ఊలుండ, నోట పుట్టింటి కబుర్లు. నిర్మల్ బొమ్మలను బరువు లేని పొనికి చెక్కతో చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొడి కలిపి అతుకులు పూడ్చి, నునుపు చేసి రంగులు వేస్తారు. ఆ పద్ధతినే మా పిల్లలకు తగ్గట్టు మార్చి, వడ్రంగి దగ్గర రంపపు పొడి అడిగి తెచ్చి, సీతాఫలం, అరటిపండు, మామిడికాయ చేయడం నేర్పించారు. చిన్నది మోతీ బొమ్మ చేస్తానన్నది. అత్తగారు సందేహించారు. ప్రాణుల రూపాల విషయంలో పండితులు ఒక్క మాట మీద లేరు. అయితే హజ్రత్ ఆయిషా (రజి) చిన్ననాటి ఆటబొమ్మలలో రెక్కల గుర్రం కూడా ఉండేదని అబూదావూద్ గ్రంథంలో ఉన్న ఉదంతాన్ని మా పెద్దమ్మాయి గుర్తు చేసింది. బొమ్మ తయారైంది. ఎండబెట్టిన మొదటి రోజే అసలు మోతీ వచ్చి దాని చెవి కొరికేసింది.

చిన్నదానికి ఇంతకన్నా ఇష్టమైన పని తీగ పని. వేసవి సెలవులలో మేము దానిని కరీంనగర్ వెండి నగిషీ పనివారి దగ్గరకు తీసుకువెళ్ళాము. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళ మన ఊరి పేరును ఎంత దూరం మోసుకుపోయిందో మన పిల్లలకు చాలామందికి తెలియదు. వెండిని కరిగించి, కడ్డీగా పోసి, కమ్మచ్చులోని రంధ్రాల గుండా ఒకదాని తరువాత ఒకటిగా లాగుతూ పోతే అది వెంట్రుక వలె సన్నబడుతుంది. రెండు తీగలను పురిపెట్టి, చదును చేసి, పట్టకారుతో సుడులు సుడులుగా వంచి, మందపాటి తీగతో చేసిన చట్రంలో కూర్చి అతుకుతారు. అత్తరుదానీలు, పాన్‌దాన్‌లు, గులాబ్‌పాష్‌లు అలాగే పుడతాయి. పనివాని ముక్కు పని మీదికి ఎంత దగ్గరగా వంగి ఉంటుందంటే, ఊపిరి గట్టిగా వదిలితే తీగ ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. చిన్నది గంటసేపు కదలకుండా చూసింది. ఇంటికి వచ్చాక పాడైన ఫ్యాను మోటారులోని రాగితీగ విప్పి, బంతిపూవు చేయడానికి కూర్చుంది. మొదటి పది పూలు ముళ్ళకంపల్లా వచ్చాయి. పదకొండవది మాత్రం పూవే.

ఆ పదకొండవ పూవునే మోతీ నోట కరచుకొని పారిపోయింది.

తరువాత జరిగినది మాకు మూడు రోజుల తరువాత గాని తెలియలేదు. మగ్రిబ్ వేళ కుళాయి దగ్గర వుజూ చేస్తూ చిన్నది ఎడమ చేతి చొక్కా మడవకుండానే తడిపేసుకుంటోంది. మేము దగ్గరకు వెళ్ళి మడిచాము. మణికట్టు పైన రెండు పళ్ళ గాట్లు, చుట్టూ ఎర్రని వాపు. పూవు లాక్కోబోతే పన్ను దిగిందట, రక్తం వచ్చిందట, తానే తుడుచుకుందట. ఎందుకు చెప్పలేదని అడిగితే తల వంచుకొని, "చెబితే మోతీని రోడ్డు మీద వదిలేస్తారు కదా" అన్నది.

అత్తగారు పసుపు డబ్బా కోసం లోపలికి వెళ్ళబోయారు. ఆపాము. కుక్క కాటుకు పసుపు, కారం, సున్నం పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. అది గాయాన్ని రేపుతుందే గాని మేలు చేయదు. ఆలస్యమైనా సరే, సబ్బుతో కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాము. ఆ రాత్రే మొదటి టీకా వేశారు. చర్మం చీలి రక్తం వచ్చింది గనుక గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు. మిగిలిన టీకాలు మూడవ, ఏడవ, ఇరవై ఎనిమిదవ రోజులలో. కరిచిన కుక్కను పది రోజులు గమనించమన్నారు. వెర్రి ఉన్న కుక్క ఆ లోపలే జబ్బు పడి చనిపోతుంది. పిల్లకుక్కే కదా అని తేలికగా తీసుకోకూడదనీ, మనిషిలో ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మది మాకు మరింత భయం కలిగించింది.

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ ఈ టీకాను తొలిసారి ఇప్పించిన బాలుడు జోసెఫ్ మైస్టర్‌కు కూడా తొమ్మిదేళ్ళే. ఆ పిల్లవాణ్ణి అతని తల్లి వెంటనే పారిస్‌కు తీసుకుపోయింది. మా బిడ్డ గాయంతో మూడు రోజులు మా పక్కనే పడుకున్నా మాకు తెలియలేదు. నేరం కుక్కపిల్లది కాదు, బిడ్డది అసలే కాదు. "ఆ రోజే వదిలేస్తాము" అన్న మాటదీ, దానికి ఊపిన మా తలదీ.

ఆ పది రోజులూ మా ఇంట ఎవరికీ సరిగా నిద్ర లేదు. వింతేమిటంటే, మోతీ నీళ్ళు తాగుతోందా, తింటోందా అని అందరికంటే ఎక్కువసార్లు తొంగిచూసింది అత్తగారే. దాని మూకుడులో నీళ్ళు తరిగితే ఆమే పోసేవారు. పది రోజులు గడిచాయి. మోతీ రెండు చెప్పులూ, ఒక దుపట్టా అంచూ నమిలి తన ఆరోగ్యాన్ని నిరూపించుకుంది. మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళి దానికీ టీకా వేయించాము. ఇక ఏటేటా వేయించాలి.

చిన్నదాన్ని కూర్చోబెట్టుకొని అత్తగారే చెప్పారు. "కరిచినా, గోకినా, నాకినా నాకు చెప్పు బేటీ. చెప్పినందుకు దాన్ని ఎక్కడికీ పంపను." చిన్నది ఆమె కళ్ళలోకి చూసి, "వల్లాహ్ అను దాదీ" అన్నది. అత్తగారు అన్నారు.

ఇరవై ఎనిమిదవ రోజు ఆఖరి టీకా వేయించుకొని తిరిగి వచ్చేసరికి పొరుగింటి వారు గంప పట్టుకొని మా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మరునాడు వారి బతుకమ్మ. చెరువు గట్ల వెంట తిరిగి తంగేడు, గునుగు తెచ్చుకున్నారు. బంతి మాత్రం ఏటా మా ముంగిట్లోనే కోసుకుంటారు. ఏడు మొక్కలు పోయినా మిగిలిన అయిదూ విరగబూశాయి. చిన్నది కుడిచేత్తో పూలు కోసి గంపలో వేస్తోంది. ఎడమ చేతిలో, కాస్త వంకరపోయి, పంటి గాట్లు పడిన రాగి బంతిపూవు ఉంది. మోతీ మడి చివర కూర్చొని ఆ చేతి వైపే చూస్తోంది.