కమాండ్లు సరే.. డిజైన్ సంగతేంటి?

నెట్‌వర్కింగ్ ఉద్యోగమంటే సిస్కో కమాండ్లు బట్టీ పట్టడమే అనుకుంటున్నారా? పెద్ద ఆఫీసుల్లో సిస్కో స్విచ్ పక్కనే జునిపర్ రూటర్, అరిస్టా స్విచ్ ఉండొచ్చు. దేని భాష దానిదే.

చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టులో ‘సిస్కో అయితే ఇది, జునిపర్ అయితే అది’ అంటూ ఒకే ఫైల్లో ఇఫ్-ఎల్స్‌లు పేర్చేస్తారు. కొత్త పరికరం వచ్చిందంటే పాత కోడంతా కెలకాల్సిందే. ఒకటి సరిచేయబోతే ఇంకోటి పాడవుతుంది.

పైథాన్‌లోని నాపాల్మ్ లైబ్రరీ చూడండి. ఒక్కో రకం పరికరానికి ఒక్కో డ్రైవర్. పిలిచే పేరు మాత్రం ఒకటే. ‘గెట్ ఫ్యాక్ట్స్’ అంటే చాలు, మోడల్, సీరియల్ నంబర్ లాంటి వివరాలు ఒకే తీరులో వస్తాయి. నోర్నిర్ 3.0లో అయితే ప్లగిన్లను అసలు ప్రోగ్రాం నుంచి విడదీసి వేరే ప్యాకేజీలుగా పెట్టారు. పరికరాల జాబితా ఎక్కణ్నుంచి తీసుకోవాలి, పనులు ఎలా నడపాలి అన్నది కాన్ఫిగ్ ఫైల్లో రాస్తే సరి.

మీరూ ఇదే దారి పట్టండి. ముందు ప్రతి డ్రైవర్ తప్పక చేయాల్సిన నాలుగైదు పనులు రాసుకోండి. టైమౌట్, పోర్టు లాంటివి కాన్ఫిగ్ ఫైల్లో ఉంచండి. పాస్‌వర్డ్ మాత్రం కోడ్‌లో అస్సలు వద్దు. ఒక పరికరం పలక్కపోయినా మిగతా వాటి పని ఆగకూడదు.

ఆఖరి పరీక్ష ఇది: మీ కోడ్ ముట్టుకోకుండా మూడో డ్రైవర్ రాయమని ఫ్రెండ్‌కి ఇవ్వండి. రాయగలిగితే, ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పుకోవడానికి మీ దగ్గర నిజమైన పని ఉన్నట్టే.