దొరకలేదంటే లేదని కాదు

"ఇన్నేళ్లు వెతికినా డార్క్ మ్యాటర్ దొరకలేదు, అదంతా కట్టుకథే" అని మన సంఘం గ్రూపులో ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపికగా చదవండి.

1933లో జ్విక్కీ కోమా గెలాక్సీల గుంపులో చూసిందీ, 1970లలో వీరా రూబిన్ గెలాక్సీల తిరుగుడులో చూసిందీ ఒకటే: ఆ వేగాలకు కనిపించే పదార్థం బరువు చాలదు. నేటి లెక్క ప్రకారం మామూలు పదార్థానికి ఐదు రెట్లకు పైగా కనిపించనిది ఉంది.

అది ఎలా పుట్టింది? ఎక్కువమంది నమ్మిన జవాబు 'వింప్' అనే కణం. తొలి క్షణాల వేడిలో ఈ కణాలు పుడుతూ, ఒకదాన్నొకటి ఢీకొని మాయమవుతూ ఉండేవి. జాతర రద్దీలో జనం ఒకరికొకరు తగులుతారు, చెదిరిపోయాక ఎదురుపడరు కదా! విశ్వం సాగి చల్లబడ్డాక అంతే, ఢీకొనడం ఆగి మిగిలినవి మిగిలిపోయాయి. ఆ మిగులు లెక్క కావలసినంతకు దగ్గరగా వచ్చింది. అందుకే దాన్ని 'వింప్ మిరకిల్' అన్నారు.

లెక్క అందంగా కుదిరినంత మాత్రాన ప్రకృతి ఒప్పుకోవాలని లేదు. అమెరికాలో ఎల్‌జెడ్ ప్రయోగం 10 టన్నుల ద్రవ జీనాన్‌తో వెతుకుతున్నా వింప్ చిక్కలేదు. ఆ దెబ్బ ఒక జవాబుకే తగిలింది, ప్రశ్నకు కాదు. 1977లో పెచ్చీ, క్విన్ వేరే చిక్కు విప్పబోతే యాక్సియాన్ ఊహ వచ్చింది. ఇది ఢీకొనగా మిగిలిన సరుకు కాదు, తొలి విశ్వంలో ఒక క్షేత్రం ఊగిసలాడడం వల్ల పుట్టిందంటారు. దీనికి జీనాన్ తొట్టి కాదు, బలమైన అయస్కాంతాలు కావాలి. చేపను బట్టే వల.

మన కోలారు సంగతీ చెప్పాలి. 1965లో మన బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. తెలుగువాళ్లు, తమిళులు చెమటోడ్చి తవ్విన గనులవి. 2001లో మూసేశారు, నీళ్లు నిండాయి. ఎల్‌జెడ్ ఉన్నదీ పాత బంగారు గనిలోనే. హోమ్‌స్టేక్ గనిని 2002లో మూసినా, వాళ్లు దాన్ని ప్రయోగశాల చేసుకున్నారు.

మనకు జార్ఖండ్‌లోని జాదుగూడ గనిలో, 555 మీటర్ల లోతున, ప్రయోగశాల ఉంది. అలాంటివి ఇంకా రావాలి. "ఏం దొరికింది?" అని మాత్రమే అడిగితే ఏదీ రాదు. "ఎక్కడెక్కడ లేదని తేలింది?" అని కూడా మన పిల్లలకు అడగడం నేర్పుదాం.