వగైరాలో కలిసిపోయిన మనిషి

సంబంధం చూసేటప్పుడు మనం ఏమేం అడుగుతాం? ఇంటిపేరు, గోత్రం, మేనరికాలు, భూమి ఎంత, పిల్లవాడి జీతం ఎంత... తవ్వి తవ్వి అడుగుతాం. అదే ఎవరైనా మనల్ని "మీ తాతకు అన్నదమ్ములెందరు? వాళ్లలో ఊరు విడిచి పోయినవాళ్లెవరు?" అని అడిగితే నోట మాట రాదు. మా ఇంట్లోనూ అంతే. మా మామయ్యకు ఒక చిన్నాయన ఉండేవాడు. రజాకార్ల గొడవలకు ముందే బొంబాయి పోయాడు. "పోయిండు, మళ్ల రాలే." మాకు తెలిసిన చరిత్ర ఈ రెండు ముక్కలే!

ఇప్పుడు మా పిట్లం వైపు ఏ వాడకట్టుకు పోయినా దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న మనిషి ముచ్చట వినబడుతుంది. రోజూ ఫోన్లో ముఖం చూస్తున్నాం. ఆ రోజుల్లో గల్ఫ్ లేదు, బొంబాయే. కామారెడ్డిలోనో నిజామాబాదులోనో రైలెక్కితే మన్మాడ్ మీదుగా పోవడమే. నిజాం ఇలాకా నుంచి పోయి అక్కడ కట్టుబడి పనులు చేసిన తెలుగు కూలీలను కామాఠీలనేవారు. కామాఠీపురా అనే పేరు వాళ్లవల్లనే వచ్చింది. (ఆ పేరు వినగానే చాలామందికి వేరే సంగతి గుర్తొస్తుంది గానీ, మొదట అది మనవాళ్ల వాడ!)

నాకు ఈ వెతుకులాట అంటించింది మా ఆడబిడ్డ కొడుకు. ఐర్లాండ్‌లో చదువుకుంటున్నాడు. వాడు అద్దెకుండే ఇంటావిడ డెబ్బై ఏళ్ల పెద్దామె. ఆమె ముత్తాత తమ్ముడొకడు అమెరికా పోయాడట, ఆయన సంతానం ఎక్కడుందోనని ఏళ్ల తరబడి వెతుకుతోందట. "అత్తా, ఈమెకు వేరే పనే లేదు" అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడ 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు తగిలి పెద్ద కరువు వచ్చింది. కొద్ది ఏళ్లలోనే దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. పోనీ కాగితాలు చూద్దామంటే, ఆ కాలపు జనాభా లెక్కలు చాలావరకు 1922లో డబ్లిన్‌లో జరిగిన యుద్ధంలో దఫ్తరాల భవనంతోపాటు కాలిపోయాయి. 1901, 1911 లెక్కలు మాత్రం మిగిలాయి. మరి ఈమెకు ఆధారం ఏమిటంటే, ఇంట్లో ఉన్న పాత బైబిలు మొదటి పేజీలో వాళ్ల ముత్తవ్వ ఎవరో పిల్లల పేర్లు వరసగా రాసి పెట్టిందట. అదే!

మన తెలుగువాళ్లలో కూడా ఇట్లా వెతికేవాళ్లు ఉన్నారు. దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీ దేశాల నుంచి వచ్చి తాతల ఊరు కోసం అడుగుతారు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒక్క నటాల్‌కే 1,52,184 మంది పోయారు, చెరకు తోటల్లో ఐదేళ్ల ఒప్పందం కూలీకి. వాళ్లలో తెలుగు జిల్లాల వాళ్లు చాలామంది. ఓడలో ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఒంటి మీద పుట్టుమచ్చ, దెబ్బ మచ్చ కూడా రాశారు. మారిషస్‌లో అయితే కొంతకాలం ఫోటోలు కూడా తీశారు. ఆ దఫ్తరాలు మోకాలో మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఇంత రాశారు కదా, ఇక కష్టమేముంది అనుకుంటాం. కష్టమల్లా ఇంటిపేరుకు అందులో గడి లేకపోవడం! మనకు మనిషి ఆనవాలు ఇంటిపేరులోనే ఉంటుంది. అక్కడ కొన్ని తరాలకు నాయుడు, రెడ్డి అనేవే ఇంటిపేర్లయి కూర్చున్నాయి. ఇక ఊరి పేరు సంగతి... మనవాడు నోటితో చెప్పింది తెల్లదొర చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసుకున్నాడు. పైగా ప్రతి వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలని నిబంధన ఉండేది. ఒంటరిగా పోయిన ఆడవాళ్లూ ఉన్నారు. కొడుకు పోతే ఏడ్చి చెప్పుకున్న ఇళ్లున్నాయేమో గానీ, ఇల్లు విడిచిపోయిన ఆడపిల్ల పేరు ఎవరు పలుకుతారు చెప్పండి?

మా చిన్నాయన విషయంలో ఆ పాటి పట్టీ కూడా లేదు. ఓడ ఎక్కినవాడికి పట్టీ ఉంది, రైలు టిక్కెట్టు కొన్నవాడి పేరు ఎవరు రాస్తారు? మాకు దొరికింది మామయ్య పెట్టెలోని 1954-55 ఖాస్రా పహాణీ నకలు. అంతా ఉర్దూ. మా వాడకట్టులో పాత ఉర్దూ చదువు చదివిన పెద్దాయనతో చదివిస్తే, పట్టాదారు గడిలో మా తాతమామ పేరు, పక్కన "వగైరా" అని ఉంది. ఆ వగైరాలోనే తమ్ముడు కూడా ఉన్నాడన్న మాట!

ఈ మాట వినగానే మా మరిది ముఖం మాడ్చుకున్నాడు. "వదినా, నీకెందుకు ఈ లొల్లి? రేపు వాళ్ల మనుమలొచ్చి భూమిల పాలు అడిగితే నువ్విస్తవా?" అన్నాడు. అతను అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఉన్నదే కొద్ది భూమి, అందులో ఇద్దరు అన్నదమ్ములు. మా ఆయన అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. వాటా భయం ఒకటి, మంచో చెడో ఏం బయటపడుతుందోనన్న భయం ఒకటి. చాలా ఇళ్లలో ముచ్చట అక్కడే ఆగిపోతుంది.

అసలు పేరు ఎందుకు మరుగున పడిందో అత్తమ్మ చెప్పింది. పెత్రమాస నాడు మా దగ్గర అయ్యగారికి బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు ఇచ్చి, పోయిన పెద్దల పేర్లు చెప్పుకుంటాం కదా. ఆ చిన్నాయన తల్లి బతికినన్నాళ్లు కొడుకు పేరు చెప్పనివ్వలేదట. "నా కొడుకు ఉన్నడు, వానికి బియ్యమిస్తరా?" అని లేచి పోయేదట. ఆమె పోయాక చెప్పేవాళ్లు లేరు. ఇంట్లో ఉన్నవాళ్ల లెక్కలోనూ లేడు, పోయినవాళ్ల లెక్కలోనూ లేడు. ఏటేటా చెవిన పడని పేరు పిల్లలకెట్లా తెలుస్తుంది?

అత్తమ్మకు కూడా పేరు గుర్తు లేదు. పేరు చెప్పింది ఎవరో తెలుసా? అటక మీది రాగి కాగు! బొంబాయి నుంచి ఎవరితోనో పంపించాడని మాత్రం ఆమెకు తెలుసు. చింతపండు, ఉప్పు వేసి తోమితే మూతి కింద చెక్కిన అక్షరాలు తేలాయి. మరాఠీ అక్షరాలు. బడిలో హిందీ పరీక్షకు నేర్చుకున్నది అప్పుడు పనికొచ్చింది. వాళ్ల పద్ధతిలోనే ముందు తన పేరు, తరవాత తండ్రి పేరు, ఆ తరవాత మా ఇంటిపేరు. దాని కింద ఇంకొక పేరు, ఒక ఆడమనిషిది. అత్తమ్మ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "పెండ్లయిందన్న మాట..." అంది. ఆ పేర్లు ఇక్కడ రాయను, మా మరిది ఈ పుస్తకం చదువుతాడు!

ఇట్లాంటివి మీ ఇళ్లలోనూ ఉంటాయి. సారె బిందెలూ, పెండ్లి చెంబులూ పాత సామాన్లవాడికి వేసేముందు ఒకసారి తోమి చూడండి. పిల్లల బడి రిజిస్టర్లు, పాత పెండ్లి పత్రికలు కూడా పనికొస్తాయి. పిచ్చిగుంట్ల వాళ్లు వచ్చే ఇళ్లయితే వాళ్లు వంశం చెబుతుంటే ఎవరైనా రాసుకోండి. కాశీ, గయ, నాసిక్‌లలో పండాల దగ్గర వంశాల బహీలు ఉంటాయి. మనవాళ్లు అస్థికలకో, పిండాలకో పోయినప్పుడు ఊరిపేరుతో సహా రాయిస్తారు. అయితే జిల్లా ఒకటే చెబితే చాలదు. మా పిట్లం 2016 దాకా నిజామాబాదు జిల్లా, ఇప్పుడు కామారెడ్డి. నిజామాబాదుకు పాత పేరు ఇందూరు. నిజాంసాగర్ కట్టినప్పుడు నీళ్ల కింద పోయిన ఊళ్ల వాళ్లకైతే చూపించుకోవడానికి ఊరే లేదు. అందుకని నేను రాస్తున్న నోట్‌బుక్కులో పక్క ఊళ్ల పేర్లు కూడా రాస్తున్నాను. కోడళ్ల పేర్ల పక్కన వాళ్ల తల్లిగారి ఊరు, ఇంటిపేరు తప్పక రాస్తున్నాను. నా పేరు పక్కన మా అమ్మ పేరు, మా అమ్మమ్మ పేరు రాశాను. అమ్మమ్మ తల్లి పేరు కోసం మా పెద్దమ్మకు ఫోన్ చేయాలి.

మొన్నటి పెత్రమాసకు అత్తమ్మ ఆ ఇద్దరి పేర్లూ చెప్పించింది. అయ్యగారు ఆమె పేరు సరిగా వినక మళ్లీ అడిగాడు. అత్తమ్మ గట్టిగా చెప్పింది. మరిది అక్కడే ఉన్నాడు, ఏమీ అనలేదు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కదా, పూలు తేవడానికి లేచి పోయాడు. వడ్లు అమ్మినాక నాసిక్ పోదామని మా ఆయన అంటున్నాడు.