మొలలని ఊరుకొనరాదు

మలములో రక్తము పడితే మనవారు, "గుంటమగ్గములో కూర్చునేవారికి మొలలు మామూలే" అని ఊరుకొనుచున్నారు. అట్టివారు వెంటనే డాక్టరుకు చూపించుకొనవలెను. పెద్దప్రేగు కాన్సరులో మొదట పడే రక్తము తరచు కంటికే కనబడదు. అందుకే జపానులో 1992 నుండి, నలుబదేండ్లు నిండినవారికి ఏటేట పరీక్ష ఏర్పాటు కలదు. రెండు రోజుల మలమును ఇంటివద్దనే పుల్లతో రవంత తీసి, చిన్న గొట్టములో పెట్టి ఇచ్చుటే. పథ్యము లేదు, సిగ్గొక్కటే అడ్డము. రక్తమున్నదని తేలినంతనే కాన్సరని కాదు గాని, కొలొనోస్కోపీ చేయించుకొనక తప్పదు. మన ప్రభుత్వపు కాన్సరు పరీక్షలలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము ఉన్నవి, ప్రేగు లేదు. కల్యాణమండపములకు చందాలెత్తగల మన సంఘములు, ఏబది దాటినవారి పరీక్షకు, కొలొనోస్కోపీ ఖర్చుతో సహా, కొంత సొమ్ము కేటాయించవలెనని మేము కోరుచున్నాము.